సన్నెమ్మ గుండంలో తొలి దోసిలి

ఊటగెడ్డ కొండ దిగువన బస్సు దిగిన యాత్రికులు మొదట అడిగే ప్రశ్న ఒక్కటే. అమ్మవారి పేరు ఊటమ్మ తల్లి అయినప్పుడు, గుండానికి సన్నెమ్మ పేరెందుకు? సన్నెమ్మ అమ్మవారి చెల్లెలని కొబ్బరికాయలు అమ్మేవారు చెబుతారు. నమ్మకండి. సన్నెమ్మ దేవతా కాదు, మునికన్యా కాదు. మూడేళ్ళ చాకలి పిల్ల.

గుండానికి ఇప్పుడు ఆడవారికి, మగవారికి వేరువేరు మెట్లు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి. వారం వారం హెల్త్ ఇన్‌స్పెక్టర్ గారు వచ్చి నీళ్ళు సీసాలో పట్టుకెళతారు. పరీక్ష ఫలితాన్ని గేటుకు అంటిస్తారు. అది బాగుంటేనే గేటు తెరుస్తారు. పుణ్యతీర్థానికి పరీక్షలేమిటండీ అని విసుక్కునే పెద్దలూ ఉన్నారు. ముఖ్యంగా వారి కోసమే ఈ కథ రాస్తున్నాను.

పూర్వం ఇక్కడ బండల నడుమ గోరువెచ్చని ఊట ఉండేది. దాని పక్కన వెలసిన తల్లి ఊటమ్మ. ఈ సీమను ఏలే జగ్గప్ప దొర ఆ నీరు నిలిచేలా రాతిగుండం కట్టించాడు. మంచిపనే. తరవాత గుండానికి ఎగువన, చల్లగాలి తగులుతుందని, తన గుర్రాలసాల కట్టించాడు. అది మంచిపని కాదని ఎవరికీ తట్టలేదు.

మరుసటి ఏడు వానలు వెలిశాక ఊళ్ళో పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. తల్లికి కోపం వచ్చిందన్నారు. గుండంలో ముంచి మూడు పూటలా తీర్థం తాగిస్తే శాంతిస్తుందన్నారు. తాగించిన కొద్దీ జబ్బు ముదిరింది, ముదిరిన కొద్దీ ఇంకా తాగించారు. అమ్మవారి చీరలు ఉతికే ఎర్రయ్యమ్మ కూడా తన ఒక్కగానొక్క కూతురు సన్నెమ్మకు దోసిలి పట్టి తాగించింది. నాలుగో నాడు ఆ పిల్ల పోయింది.

మైల తీరాక ఎర్రయ్యమ్మ మళ్ళీ గుండం కాలువలో అమ్మవారి తెల్లచీర జాడించింది. ఎంత పిండినా జిగురు వదలలేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే గుర్రాల వాసన. చాకలిదానికి నీళ్ళ గుణం గుడ్డే చెబుతుంది. ఆమె కొండెక్కి చూసింది. సాల కడిగిన నీరు, లద్దెతో సహా, బండ చీలికలోకి ఇంకుతోంది. నా చేత్తోనే తాగించానే అని అక్కడే కూలబడి గుండెలు బాదుకుంది.

వేరే క్షేత్రాల్లో అయితే ఈపాటికి అమ్మవారు కలలో కనిపించాలి. ఎర్రయ్యమ్మ కూడా మూడు రాత్రులు ఎదురుచూసింది. తల్లి కనిపించలేదు. కళ్ళారా చూసినదానికి మళ్ళీ కలెందుకని మా పెద్దలు అనేవారు.

నాలుగో నాడు కార్తీక జాతర. మెట్ల మీద తల్లులు పిల్లల్ని ఎత్తుకుని బారులు తీరారు. పూజారి పైడన్న అభిషేకానికి బిందె ముంచాడు. ఎర్రయ్యమ్మ అడ్డం వెళ్ళి ఆ బిందె పట్టుకుంది. చూసింది చూసినట్టు అందరి ముందూ చెప్పింది. జాతరకు వచ్చిన దొర నవ్వాడు. అమ్మ నీళ్ళకు మలినం అంటదని, బిడ్డను పోగొట్టుకుని దీనికి మతి చెదిరిందని అన్నాడు. జనమూ అయ్యో పాపం అంటూ ఆమెను పక్కకు లాగబోయారు. అప్పుడామె రాగిచెంబు నింపి దొర ముందు పట్టింది.

“నా సన్నెమ్మ తాగింది, బాబూ. ఇప్పుడు తమరు తాగండి.”

దొర దోసిలి పట్టాడు. ఆమె పోసింది. దోసిలి పెదవుల దాకా వెళ్ళి ఆగిపోయింది. తన సాలలో ఏం కడుగుతారో ఆయనకు తెలుసు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళన్నీ కారిపోయేదాకా ఆ చేతులు కదల్లేదు. జనానికి ఇంకే రుజువూ అక్కర్లేకపోయింది. తల్లులు పిల్లల్ని చంకనేసుకుని వెనక్కి తిరిగారు. బిడ్డలకు పనికిరాని నీళ్ళు తల్లికి మాత్రం ఎందుకని పైడన్న బిందె బోర్లించి గుడి తలుపు వేశాడు.

నలభై రోజులు అమ్మవారికి స్నానం లేదు. సాల కొండ అవతలికి మారింది. గుండం తోడి, సున్నం కొట్టి, ఊట చుట్టూ రాతికట్టు కట్టారు. దొర స్వయంగా తట్ట మోశాడంటారు. నలభై ఒకటో నాడు ఎర్రయ్యమ్మ చీర జాడించి, ముక్కుకు ఆనించి, తల ఊపింది. ఆమె పోస్తే దొర ఏడుస్తూ తాగాడు. గుండానికి సన్నెమ్మ పేరు పెట్టింది ఆయనే.

నేటికీ గుడి పెత్తనం ఎవరిదో తొలి దోసిలి వారిదే. ఆ తరవాతే అమ్మవారికి అభిషేకం, ఆపైన మనకు స్నానం. ఎర్రయ్యమ్మ వంశపు ఆడపడుచే చెంబు పడుతుంది. మొన్న శ్రావణంలో పరీక్ష బాగాలేదని పదకొండు రోజులు గేటు మూశారు. అమ్మవారూ అన్నాళ్ళూ ఎండిన పసుపుతోనే కూర్చుంది.

ఇక్కడ మంచినీట మునిగిన వారి పిల్లాజెల్లా చల్లగా ఉంటారని పెద్దల మాట. తెల్లవారి ఆరింటికల్లా మెట్ల దగ్గరకు రండి. గోపురం తరవాత చూడొచ్చు. చెంబు పట్టిన ఆవిడ గుడి చైర్మన్ గారి ముందు నిలబడి, సన్నెమ్మ తాగింది, బాబూ, ఇప్పుడు తమరు తాగండి అంటుంది. అప్పుడు ఆయన చేతులనే చూడండి. ఆగకుండా నోటి దాకా వెళితేనే మీ పిల్లల్ని నీళ్ళలోకి దింపండి.