పెంచినవాళ్ళే చంపాలి

రాహేలు కాగితాలు బల్ల మీద పెట్టలేదు, విసిరింది.

"సంతకం పెట్టండి మేడమ్. సాయంత్రం అయిదింటికి గడువు."

సువర్చల మేడమ్ కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టింది. సూక్ష్మజీవుల మీద పనిచేసే ఆ ల్యాబ్‌లో రాహేలు ఆవిడ శిష్యురాలు. పీహెచ్‌డీ చెయ్యాలంటే ఫెలోషిప్ రావాలి. ఈ ఏడు రాకపోతే వయసు దాటిపోతుంది. ఇక పెట్టె సర్దుకుని ఇంటికి పోవడమే.

పోయినేడూ దరఖాస్తు పెట్టింది. వాళ్ళ ఊరి ఉప్పుమళ్ళలో బతికే సూక్ష్మజీవుల గురించి రాసింది. అందులో తమ చేను ఊసు, అమ్మ ఊసు రానివ్వలేదు. సైన్సులో ఇంటి సంగతులెందుకని. ఇంటర్వ్యూలో ఒక పెద్దమనిషి, "ఉప్పు మీద రీసెర్చేమిటమ్మా, కిరాణా కొట్లో అడిగితే చెప్పరూ?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. రాహేలు కూడా నవ్వింది.

ఆ నవ్వు ఏడాదిగా గొంతులో ముల్లులా దిగబడే ఉంది.

ఈసారి ఉప్పు లేదు. క్యాన్సర్ మందుల మీద రాసింది.

"బాగుందమ్మా," అంది మేడమ్. "ఇస్త్రీ చేసినట్టుంది."

"క్యాన్సరంటే ఎవడూ నవ్వడు మేడమ్."

"దాని గురించి నీకేం తెలుసు?"

"నేర్చుకుంటాను. ఉప్పు గురించి తెలిసి ఏం బాగుపడ్డాను?"

మేడమ్ లేచి, అరలోంచి ఒక గాజు ఫ్లాస్కు తెచ్చి రాహేలు ముందు పెట్టింది. లోపల లేత గులాబీ రంగు నీళ్ళు. రాహేలు ఉప్పుమళ్ళలోంచి తెచ్చి సాకుతున్న జీవులు వాటిలోనే ఉన్నాయి. పండక్కి ఇంటికి పోకుండా, జ్వరమొచ్చినా మానకుండా, వారం వారం కొత్త నీళ్ళలోకి మార్చి మేత వేసింది.

"వీటితో ఇంక పనిలేదుగా. ఆటోక్లేవ్‌లో పెట్టెయ్."

ఆటోక్లేవ్ అంటే ప్రెషర్ కుక్కర్ లాంటిదే, కాస్త పెద్దది. ఆ ఆవిరిలో ఏ జీవీ మిగలదు. పనైపోయినవాటిని అందులో చంపాకే పారబోయాలి. అదీ, ఎవరు పెంచినవి వాళ్ళే చంపాలి. ఆ ల్యాబ్‌లో మేడమ్ పెట్టిన కట్టడి అది.

"మీరే పెట్టుకోండి."

"నేను పెంచానా?"

రాహేలుకి ఒళ్ళు మండిపోయింది. ఫ్లాస్కు లాక్కుని విసవిసా వెళ్ళి ఆటోక్లేవ్ మూత ఎత్తింది. చెయ్యి లోపలికి దింపింది. వేళ్ళు వదల్లేదు.

"ఏమైంది?" వెనకనించి మేడమ్ గొంతు. "ఉప్పునీళ్ళేగా."

"ఉప్పునీళ్ళా!" రాహేలు గిర్రున తిరిగింది. "మా చేలోకి సముద్రం వచ్చిపోయాక గింజ మొలవలేదు మేడమ్. మా అమ్మ ప్రతేడూ జొన్నలు చల్లుతుంది, ప్రతేడూ శాపనార్థాలు పెట్టుకుంటూ తిరిగొస్తుంది. ఆ మట్టే తెచ్చి కుండీల్లో పోశాను. ఉత్త గింజ కుళ్ళిపోయింది. వీటిలో నానబెట్టిన గింజ మొలిచింది. ఎన్నిసార్లు వేసినా మొలిచింది! మీరూ చూశారు! ఇప్పుడు వీటిని చంపమంటారా? నవ్వినవాళ్ళకి జడిసా? మీకసలు మనసుందా?"

మేడమ్‌ని ఆ ల్యాబ్‌లో ఎవరూ ఎన్నడూ అంత మాట అనలేదు.

ఆవిడ క్యాన్సర్ కాగితాలని బోర్లా తిప్పి, తెల్లవైపు పైకి పెట్టింది. పెన్ను మూత తీసి పక్కనుంచింది.

"కూర్చో. ఇప్పుడన్నది రాయి."

రాహేలు ఫ్లాస్కుని పొట్టకి ఆనించుకుని కూర్చుంది.

"కోపం కనబడిపోతుంది మేడమ్."

"కనబడనీ. పోయినేడు నవ్వి చూశావుగా."