ఎన్నడూ పాడని రాజకుమారుడు

అనగా అనగా, మీ ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టకముందు, మణిగిరిని ఒక రాజు ఏలేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయంతుడు, రెండోవాడు వసంతుడు కమ్మగా పాడేవారు. మూడోవాడు కేదారుడు చిన్నప్పుడు ఒకసారి పాడబోతే కొలువంతా నవ్వింది. ఆ సిగ్గుతో వాడు మళ్ళీ పాట జోలికి పోలేదు.

ఏడు సముద్రాల అవతల నల్లరాతి దీవిలో మౌనభైరవుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడి ప్రాణం ఇనుప పంజరంలోని చిలకలో ఉంది. ఆ చిలక ఏనాడు పాట పాడుతుందో ఆనాడే వాడికి చావు. అందుకని వాడు మాయశంఖం ఊదాడు. అది ఒక్కసారే పలికే శంఖం. దాంతో ఎవరి గొంతులో పాట ఉంటే ఆ పాట మాయమైంది. మాటలు మిగిలాయి, రాగం పోయింది.

తల్లులు జోల పాడలేకపోయారు. పసిపిల్లలకు నిద్ర కరువైంది. ఏడ్చి ఏడ్చి, పాలు తాగే ఓపిక కూడా లేక, ఒక్కొక్కరే కన్నుమూశారు.

జయంతుడు కత్తి పట్టి దీవికి వెళ్ళాడు. తిరిగి రాలేదు. వసంతుడు వెళ్ళాడు. తిరిగి రాలేదు. అప్పుడు కేదారుడు సముద్రం ఒడ్డుకు వచ్చాడు.

అక్కడ ఒక ముసలి తాబేలు తల పైకెత్తింది. "నాయనా, నీ అన్నలిద్దరినీ వాడు రాతిబొమ్మలు చేశాడు. వాడు కత్తికి లొంగడు. చిలకకు పాట నేర్పాలి. నీ గొంతులో పాట లేదు కాబట్టి శంఖం నిన్ను దోచలేదు. నేర్చుకోగలవాడివి నువ్వొక్కడివే."

"నాకు నేర్పేదెవరు?"

"పడవ నడిపే రేవతిని అడుగు."

రేవతి ఒకప్పుడు ఆ తీరమంతటికీ పేరున్న పాటగత్తె. "పాడి చూపించలేను, రాజకుమారా. వింటే తప్పొప్పులు చెప్పగలను," అంది.

"అంతే చాలు," అన్నాడు కేదారుడు.

పడవ సాగింది. మొదటి సముద్రం దాటేదాకా రేవతి అతన్ని పాడనివ్వలేదు. పక్కనే ఈదుతూ తాబేలు ఊపిరి నేర్పింది. "నిండా తీసుకో. పిసినారిలా వదులు," అంది. రెండో సముద్రంలో ఒక్కటే స్వరం. తెరచాప కొయ్యను తొలుచుకుని కాపురమున్న తుమ్మెద బయటికొచ్చి ఝుమ్మంది. "నా గొంతూ నీ గొంతూ విడివిడిగా వినబడితే నువ్వు తప్పినట్టే," అంది. మూడోది దాటారు, నాలుగోది దాటారు. ఆ రెండు గొంతులూ కలవలేదు.

అయిదో సముద్రంలో కేదారుడు తల దించుకున్నాడు. "నాకు రాదు. ఆనాడు కొలువు నవ్వడం సబబే."

రేవతి తెడ్డు పక్కన పెట్టింది. "నా తమ్ముడికి ఏడు నెలలు. వాడు పోయిన రోజు ఒళ్ళో పెట్టుకుని జోలపాట మాటలు చదివాను. ఎక్కాలు అప్పజెప్పినట్టు చదివాను. మీకు వచ్చినంత కూడా ఆ రోజు నాకు రాలేదు. గొంతు బిగించకండి. మళ్ళీ మొదలుపెట్టండి."

అతను మళ్ళీ మొదలుపెట్టాడు. ఏడో సముద్రంలో ఒక ఉదయం తుమ్మెద గొంతు వినబడలేదు. అది ఆగిపోయిందనుకున్నాడు. ఆగలేదు, కలిసిపోయింది.

కేదారుడూ రేవతీ తుమ్మెదతో దీవిలో దిగేసరికి అన్నలిద్దరూ రాళ్ళై నిలబడి ఉన్నారు. మౌనభైరవుడు కేదారుణ్ణి చూసి నవ్వాడు. "నీ గొంతులో ఏమీ లేదని నా శంఖమే చెప్పింది. నా చిలక ముందు మూడుసార్లు పాడు. కాస్త నవ్వుకుంటాను."

మొదటిసారి కేదారుడు భయంతో అరిచాడు. చిలక రెక్కలో తల దాచుకుంది. అతని కాళ్ళు మోకాళ్ళ దాకా రాయి అయ్యాయి. రెండోసారి పెద్దన్నలా గమకాలు తీయబోయాడు. చిలక మొహం తిప్పుకుంది. రాయి రొమ్ము దాకా పాకింది.

ఇక నిండా ఊపిరి అందదు. రేవతి దగ్గరికొచ్చి తుమ్మెదను అతని భుజం మీద పెట్టింది. ఉన్న కాస్త ఊపిరినీ కొద్దికొద్దిగా వదులుతూ, దారిలో రేవతి దిద్దిన జోలపాటను తన సొంత గొంతుతో మెల్లగా పాడాడు:

"నిద్దరా నిద్దరా నీడల్లె రావే,
చిన్నారి కన్నుల్లో చిటికెడు పోయవే."

చిలక కళ్ళెత్తింది. "ఇంకోసారి," అంది.

మాంత్రికుడి నవ్వు ఆగింది. పంజరం వైపు పరుగెత్తాడు. కేదారుడు ఇంకోసారి పాడాడు.

"ఇది పాడితే నేనూ పోతాను," అంది చిలక. "పోనీ. నూరేళ్ళుగా ఈ ఇనుములో నాకు నిద్ర లేదు." అలా అని రెండు చరణాలూ తప్పులేకుండా పాడింది. మౌనభైరవుడు పంజరం తలుపు పట్టుకునే కూలిపోయాడు. చిలక కళ్ళు మూసుకుంది.

కేదారుడి రాయి కరిగింది. అన్నల రాయీ కరిగింది కానీ, అది ఎప్పుడో వాళ్ళ గుండెల దాకా పోయింది. ఇద్దరూ ఇసుకలో వాలిపోయారు. వాళ్ళను ఆ ఒడ్డునే దహనం చేసి, ముగ్గురన్నదమ్ముల్లో కేదారుడొక్కడే తిరిగొచ్చాడు.

ఊళ్ళోకి పాటలు ఆ పాటికే వచ్చేశాయి. రాణి మాత్రం కొడుకు చేయి పట్టుకుని, "వాళ్ళిద్దరి కోసం పాడు, నాయనా," అంది. అతను పాడాడు. ఆమె సాయంత్రం దాకా ఏడ్చింది.

ఏడాది గడిచాక కేదారుడు రేవతిని పెళ్ళాడాడు. నలభై ఏళ్ళు చల్లగా రాజ్యం ఏలారు. తమ పిల్లలకు రోజూ జోల పాడింది కేదారుడే. రేవతి పక్కన కూర్చుని వినేది. ఎక్కడైనా స్వరం జారితే, పిల్లలు లేవకుండా అతని మోచేతి మీద వేలితో తట్టేది.