రాలని ఆకుల తోట

అనగా అనగా ఏడు సముద్రాలకు ఆవల ఒక రాజు ఉండేవాడు. మిగతా రాజులకు యుద్ధాల పిచ్చి ఉంటే ఈయనకు తోటల పిచ్చి. పేరు పుష్పవర్మ. కోట చుట్టూ మూడు తోటలు పెంచాడు. ఒకటి పూలకు, ఒకటి పళ్ళకు, ఒకటి ఊరికే నీడకు. మూడూ నడిచి చూడాలంటే పొద్దున బయల్దేరినవాడికి సాయంత్రమయ్యేది. తాత నాటిన సంపెంగ, ముత్తాత నాటిన పొగడ, ఎవరు నాటారో ఎవరికీ తెలియని మారేడు, అన్నీ అక్కడ ఉండేవి. రాణి ఎప్పుడో పోయింది. ఉన్నది ఒక్కతే కూతురు, పేరు కువలయ. ఆ పిల్లకు ఆరేళ్ళు వచ్చాక ఈ కథ మొదలవుతుంది.

ఒకనాడు ధూమకేశుడనే మాంత్రికుడు తోట చూస్తానని వచ్చాడు. రాజు సంబరపడిపోయి తానే వెంట ఉండి తిప్పి చూపించాడు. మూడు తోటలూ చూసి మాంత్రికుడు, నాకు నచ్చింది అన్నాడు. అని, కమండలంలోంచి ఇన్ని నీళ్ళు తీసి రాజు మీద చల్లాడు. రాజు నిలుచున్నచోటే చెట్టయిపోయాడు. నచ్చితే అడగవచ్చు కదా అంటారేమో మీరు. అడిగే అలవాటు ఉంటే వాడు మాంత్రికుడెందుకవుతాడు?

వాడి ప్రాణం ఏ చిలకలో ఉందని కూడా అడుగుతారు. నాకు తెలుసు. చిలకల్లో ప్రాణం పెట్టుకున్న మాంత్రికులకు ఏ గతి పట్టిందో ధూమకేశుడికీ తెలుసు. అందుకని వాడు తన ప్రాణాన్ని ఆ తోటలోని ఆకులన్నిటిలో పంచిపెట్టుకున్నాడు. పంచిపెట్టి, ఈ ప్రాకారం లోపల ఏ ఆకూ ఎండకూడదు, ఏ ఆకూ రాలకూడదని మంత్రం కట్టాడు. ఆకు రాలనంతకాలం వాడికి ముసలితనం లేదు, చావు లేదు. ఈ రహస్యం వాడు ఎవరికీ చెప్పలేదు. మీకు చెప్పానంటే మీరు నోరు జారరని నమ్మకం.

ప్రాణం భద్రమయ్యాక గొప్పలు పోవాలనిపించింది. నాలుగు దిక్కులా చాటింపు వేయించాడు. ఎవరైనా వచ్చి తోట చూడవచ్చు. కాని గుమ్మంలోంచి లోపలికి వచ్చినవాళ్ళు పొద్దు వాలేసరికి ఈ తోటలో లేనిదేదో ఒకటి అడగాలి. మాంత్రికుడు మూడు చప్పట్లు చరిచేలోగా దాన్ని చూపించలేక నోరు తెరిచి 'లేదు' అన్నాడా, కోటా తోటా అడిగినవాళ్ళవే, చెట్లయినవాళ్ళంతా మళ్ళీ మనుషులే. చూపించాడా, అడిగినవాళ్ళూ చెట్టే. జనానికి ఆశ పుట్టింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టే చెట్లయ్యారు.

వచ్చినవాళ్ళకు తోట తిప్పి చూపించడానికి ఒక మనిషి ఉండాలి కదా. ఆ పనికి కువలయను పెట్టాడు. ఏ చెట్టు దగ్గర ఏం చెప్పాలో అక్షరం పొల్లుపోకుండా వల్లె వేయించాడు. వచ్చినవాళ్ళతో అంతకు మించి ఒక్క మాట మాట్లాడినా మీ నాన్నను మొదలంటా నరికిస్తానన్నాడు. గొడ్డలి తెచ్చి ఆ చెట్టుకు ఆనించి పెట్టించాడు కూడా.

పదేళ్ళు గడిచాయి. సంపెంగ దగ్గర ఆగి, "ఇది తాతగారు నాటిన సంపెంగ," అనేది కువలయ. పొగడ దగ్గర ఆగి, "ఇది ముత్తాతగారు నాటిన పొగడ," అనేది. నాన్న దగ్గర ఆగి, "ఇది ఊరికే మొలిచిన చెట్టు. దీని గురించి చెప్పుకోవలసింది ఏమీ లేదు, ఇటు రండి," అనేది. మొదటి ఏడు ఆ మాట అంటూ ఏడ్చేది. తరవాత ఏడుపు మానేసింది. మానేసినంత మాత్రాన బాధ పోతుందా? తన నోటితో తన తండ్రిని ఎవరో అన్నట్టు చెప్పిన ప్రతిసారీ ఆమెకు అన్నం సయించేది కాదు. ఆ చెట్టును ఒక్కసారి నాన్నా అని పిలవాలి, ఆయన పలకాలి. అంతకు మించి ఆమెకు ఏ కోరికా లేదు.

ఇంకో సంగతి. తోట ఊడ్చే పని కూడా ఆమెదే. చీపురు పట్టుకుని మూడు తోటలూ తిరిగినా ఎత్తడానికి ఒక్క ఎండుటాకు దొరికేది కాదు. చిన్నప్పుడు, పని తప్పిందని సంతోషించింది. పెద్దయ్యాక ఆలోచించింది. ఇన్ని చెట్లున్నచోట ఆకు రాలకపోవడమేమిటి? తోటలో లేనిదేదో ఆమెకు తెలిసిపోయింది. తెలిసి ఏం లాభం? అడిగే హక్కు గుమ్మంలోంచి వచ్చినవాళ్ళది. ఆమె ఆ గోడల మధ్యే పుట్టిన పిల్ల. వచ్చినవాళ్ళకు చెబుదామంటే గొడ్డలి అక్కడే ఉంది.

అలా ఉండగా ధవళనగరం నుంచి పెద్ద రాజకుమారుడు ఉదయసేనుడు ఏడు సముద్రాలూ ఓడలో దాటి వచ్చాడు. కువలయ తోట చూపిస్తూ, నోటితో చెప్పలేక, ఒకసారి కొమ్మల వంక చూసింది, ఒకసారి నేల వంక చూసింది. మళ్ళీ కొమ్మల వంక, మళ్ళీ నేల వంక. పిల్ల నన్ను చూసి సిగ్గుపడుతోందనుకుని ఉదయసేనుడు మీసం దువ్వుకున్నాడు. సాయంత్రం ఐరావతం కావాలన్నాడు. మూడు చప్పట్లకు తెల్ల ఏనుగు వచ్చి అరటితోపులో మేయసాగింది. ఆయన మద్దిచెట్టయ్యాడు.

అన్నను వెతుక్కుంటూ ఏడాదికి రెండోవాడు విజయసేనుడు ఏడు సముద్రాలూ దాటి వచ్చాడు. ఈసారి కువలయ చీపురు తెచ్చి, అతని కాళ్ళ ముందు, ఏమీ లేని నేలను పొద్దస్తమానం ఊడ్చింది. విజయసేనుడు ఎంతో మెచ్చుకున్నాడు. మా ఊరి పనివాళ్ళను నాలుగు రోజులు ఇక్కడికి పంపి శుభ్రం నేర్పించాలన్నాడు. సాయంత్రం సముద్రం కావాలన్నాడు. మూడు చప్పట్లకు కొలనులో అలలు లేచాయి, తిమింగలం తోక ఆడించింది. ఆయన తుమ్మచెట్టయ్యాడు. ఇంక తన వల్ల కాదని కువలయ చీపురు మూలన పడేసింది.

మరో ఏడాదికి మూడోవాడు వచ్చాడు. పేరు మణిసేనుడు. ఇతను మూడు సముద్రాలు ఓడలో దాటేసరికి ఓడ పగిలింది. పగిలిన చెక్కకు చుట్టుకున్న వలలో ఒక గూడబాతు, అదే, ముక్కు కింద సంచీ ఉండే పెద్ద పక్షి, చిక్కుకుని కొట్టుకుంటోంది. తాను మునిగిపోతూ కూడా వల కోసి దాన్ని విడిపించాడు. గూడబాతు అతన్ని వీపు మీద ఎక్కించుకుని మిగిలిన నాలుగు సముద్రాలూ దాటించింది. దారి పొడుగునా తన కష్టాలు చెబుతూనే ఉంది. మణిసేనుడు ఊఁ కొడుతూనే ఉన్నాడు. అతన్ని గుమ్మం దగ్గర దించి, తాను గోడ మీదుగా ఎగిరి తోటలో వాలింది.

కువలయ ఎప్పటిలాగే సంపెంగ దగ్గర మొదలుపెట్టింది. పొగడ దగ్గరకు వచ్చేసరికి గూడబాతు ఎగురుకుంటూ వచ్చి వాళ్ళ మధ్య కూలబడింది.

"ఏం తోటో ఏమో నాయనా," అంది రాజకుమారుడితో. "గుడ్లు పెట్టే రోజులొచ్చాయి, గూటికి నాలుగు పుల్లలు ఏరుకుందామని ఈ చివర నుంచి ఆ చివర దాకా మూడుసార్లు తిరిగాను. ఒక్క ఎండుపుల్ల దొరికితే ఒట్టు."

కువలయకు ఒక ఉపాయం తట్టింది. వచ్చినవాళ్ళతో మాట్లాడకూడదు. గూడబాతు వచ్చింది గుమ్మంలోంచి కాదే. ఆమె రాజకుమారుడికి వీపు పెట్టి, పక్షికి ఎదురుగా చతికిలబడింది. పన్నెండేళ్ళ తరవాత మొదటిసారి సొంతమాట మాట్లాడింది.

"పుల్లే కాదు గూడబాతమ్మా, ఇక్కడ ఎండుటాకు కూడా దొరకదు. పన్నెండేళ్ళుగా ఊడుస్తున్నాను, ఒక్కటి ఎత్తలేదు."

"ఆకు నాకెందుకే తల్లీ? నేను వెతికేది పుల్ల."

"నీకని కాదు. సాయంత్రం ఇంకెవరికైనా పనికొస్తుందేమో."

"ఎవరికి?"

"పనికొచ్చేవాళ్ళు వింటూనే ఉంటారు."

మేడ మీద నుంచి ధూమకేశుడు ఎవరితో నీ మాటలని గద్దించాడు. పక్షితోనని బదులిచ్చింది కువలయ. మాంత్రికుడు వంగి చూశాడు. నిజంగానే పక్షి. రాజకుమారుడు అటు తిరిగి పొగడపూలు చూస్తున్నాడు. పిల్లకు మతి పోయిందనుకుని వాడు నవ్వుకున్నాడు.

వాడికి ఇల్లూ వాకిలీ లేదు, పెళ్ళామూ అత్తగారూ లేరు. ఉండి ఉంటే తెలిసేది. మన ఇళ్ళల్లో కోడలు పిల్లితో మాట్లాడుతుంటే ఆ మాట పిల్లికా? మణిసేనుడు అంతఃపురంలో అమ్మా నాన్నమ్మల మధ్య పెరిగినవాడు. అత్తగారి మీద కోపం వస్తే వాళ్ళమ్మ దాసీపిల్లను పిలిచి చెప్పేది. మొగుడి మీద కోపం వస్తే పెంపుడు జింకతో చెప్పేది. కాబట్టి అతనికి ఒక్క మాట కూడా వృథా పోలేదు.

"పెద్దమ్మా," అన్నాడు గూడబాతుతో, పూల మీద నుంచి చూపు తిప్పకుండా, "విన్నవాళ్ళు మరిచిపోరని చెప్పు."

"ఎవరికి చెప్పాలి? ఇద్దరూ నా పక్కనే ఉన్నారు కదా," అని విసుక్కుంది గూడబాతు.

తరవాత నీడతోటలోకి వెళ్ళారు. గొడ్డలి ఆనించిన చెట్టు దగ్గర కువలయ ఆగింది. ఇది ఊరికే మొలిచిన చెట్టు అంది. మిగతా మాటలు చెప్పేముందు చేత్తో ఆ చెట్టును ఒకసారి నిమిరింది. మణిసేనుడు పెద్దవాళ్ళకు చేసినట్టు ఆ చెట్టుకు నమస్కారం చేసి ముందుకు నడిచాడు.

పొద్దు వాలింది. ధూమకేశుడు మేడ దిగి వచ్చి, తోటలో లేనిదేదో అడగమన్నాడు.

"ఒక ఎండుటాకు," అన్నాడు మణిసేనుడు.

మాంత్రికుడి నవ్వు సగంలో ఆగిపోయింది. కువలయ వాడి చేతుల వంక చూస్తోంది. అతను ఓడిపోతే పక్షి సాకుతో మాట్లాడిన సంగతి వాడు కనిపెడతాడు. గొడ్డలి ఎంతో దూరంలో లేదు.

వాడు మొదటి చప్పట్లు చరిచాడు. అరచేతిలోకి ఆకు వచ్చింది. గూడబాతు ముక్కుతో పట్టి చూసి, బంగారం ఇది, విరగదు అని అవతల పారేసింది. రెండో చప్పట్లు చరిచాడు. గోడ అవతలి అడవి నుంచి నిజమైన ఎండుటాకే ఎగిరి వచ్చింది. గోడ దాటిందో లేదో పచ్చగా అయి కూర్చుంది. వాడు కట్టిన మంత్రమే కదా.

మూడో చప్పట్లకు ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి. లేదు అనేస్తే సరిపోయేది. తోట పోయేది, ప్రాణం మిగిలేది. కాని పుట్టిన ఈ మూడు వందల ఏళ్ళలో ఎన్నడూ ఆ మాట అనని నోరు. పెదవులు రెండుసార్లు కదిలాయి, మాట రాలేదు. ఇన్ని లక్షల ఆకుల్లో ఒక్కటి పోతే ఏమవుతుందిలే అనుకున్నాడు. పొగడచెట్టు చిటారున ఒక్క ఆకుకు మంత్రం సడలించి చప్పట్లు చరిచాడు.

ఆకు పసుపుబారింది, ఎండింది, రాలింది. తొందరేమీ లేకుండా తిరుగుతూ తిరుగుతూ దిగి వచ్చింది. అది నేలను తాకగానే పక్కది రాలింది, దాని పక్కది రాలింది. విందులో ఒకరు విస్తరి ముందు నుంచి లేస్తే పంక్తి అంతా లేచినట్టు, పన్నెండేళ్ళుగా వేలాడుతున్న ఆకులన్నీ బయల్దేరాయి. మాంత్రికుడి జుట్టు నెరిసింది, నడుం వంగింది, మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఆకులు మోకాలి లోతు పడ్డాయి. అవి రాలడం ఆగేసరికి వాడున్నచోట కమండలం తప్ప ఏమీ లేదు.

చెట్లయినవాళ్ళంతా మళ్ళీ మనుషులయ్యారు. ఆకులు దులుపుకుంటూ అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. మద్దిచెట్టూ తుమ్మచెట్టూ తమ్ముణ్ణి కావలించుకున్నాయి. కువలయ ఎవరినీ చూడలేదు. ఆకుల్లో పడుతూ లేస్తూ నీడతోటకు పరుగెత్తింది.

పుష్పవర్మ ఉన్నచోటే నిలబడి అటూ ఇటూ చూస్తున్నాడు. ఆమెను చూసి మర్యాదగా అడిగాడు.

"ఎవరమ్మా నువ్వు? మా పాప ఇక్కడే ఆడుకుంటూ ఉండాలి. ఆరేళ్ళ పిల్ల, చూశావా?"

ప్రతి చెట్టుకూ ఒక మాట నేర్చిన పిల్ల ఆ మాటలన్నీ వదిలేసి ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాన్నా," అంది.

ఆయన ఆ ముఖంలోకి చూశాడు. ఆమె ఎత్తు చూశాడు. పన్నెండేళ్ళూ ఎటు పోయాయో ఒక్కసారిగా అర్థమై, "ఇంత పెద్దదానివైపోయావా తల్లీ," అని ఏడ్చాడు. కువలయ కూడా ఏడ్చింది. అన్నేళ్ళ ఏడుపు ఒకచోట చేరింది మరి.

మూడో రోజున మణిసేనుడు, ఈ అమ్మాయికి నేనంటే ఇష్టమేమో కనుక్కోమని గూడబాతును అడిగాడు. ఆ మాట కువలయ విన్నది.

"మధ్యలో ఆవిడెందుకు? నన్నే అడగండి. ఇప్పుడు మాట్లాడగలను," అంది.

అతను అడిగాడు, ఆమె సరేనంది. కాని పుష్పవర్మ ఒప్పుకోలేదు. మొన్నటిదాకా ఆరేళ్ళ పిల్ల, ఇవాళే పెళ్ళేమిటి, ఒక్క ఏడాది నా దగ్గర ఉండనివ్వండి అన్నాడు. మణిసేనుడు ఏడాది ఆగాడు. గూడబాతు నాలుగు పుల్లలకు బదులు నలభై పుల్లలు ఏరుకుని గూడు కట్టుకుంది. ఏడాది తిరిగాక అంగరంగ వైభవంగా పెళ్ళి జరిగింది. అన్నలిద్దరూ బతికి వచ్చిన సంతోషంతో ధవళనగరం రాజు పదహారు రోజులు ఊరందరికీ భోజనాలు పెట్టించాడు.

కువలయా మణిసేనుడూ అరవై ఏళ్ళు రాజ్యం చేశారు. తోట గుమ్మం ఎప్పుడూ తెరిచే ఉండేది. ఎక్కడెక్కడినుంచో జనం వచ్చి పూలు చూసేవారు, పళ్ళు తినేవారు, నీడన కూర్చునేవారు. సాయంత్రమయ్యేసరికి ఎవరిళ్ళకు వాళ్ళు వెళ్ళేవారు. మనకూ పొద్దుపోయింది, లేవండి, వెళదాం.