జోగులు చెట్టు దిగిన రోజు

అనగనగా ఒక అడవిలో, ఎండలు ముదిరి వాగులన్నీ ఎండిపోతే ఒకే ఒక్క మడుగు మిగిలేది. ఆ మడుగు పక్కన ఎత్తైన మద్దిచెట్టు ఉండేది. దాని చిటారు కొమ్మన జోగులు అనే ముసలి కొండముచ్చు కూర్చునేవాడు. కూర్చోవడమే అతని పని. వినడానికి సులువుగానే ఉంటుంది. మీరొకసారి పొద్దున్నుంచి సాయంత్రం దాకా పొదలకేసి చూస్తూ ఒకేచోట కూర్చోండి పిల్లలూ, నడుం సంగతి అప్పుడు తెలుస్తుంది.

ఆ అడవిలో కొండముచ్చులకీ దుప్పులకీ ఒక ఒప్పందం ఉంది. దుప్పులు తలవంచి నీళ్ళు తాగేటప్పుడు వాటికి చుట్టూ ఏమీ కనబడదు. అందుకని జోగులు పైనుంచి చూస్తాడు. చిరుతపులి కనబడితే గట్టిగా కేక వేస్తాడు. కేక వినబడగానే దుప్పులు పరుగు తీస్తాయి. దుప్పులకు ముక్కు చురుకు. పొదల్లో చిరుత వాసన తగిలితే అవి ముందుకాలితో నేలను తంతాయి, అది విని కొండముచ్చులు చెట్లెక్కేస్తాయి. జోగులుకు ముందు ఆ కొమ్మ మీద అతని నాన్న కూర్చున్నాడు. అతని తర్వాత ఎవరన్నది జోగులు ఎప్పుడూ ఆలోచించలేదు.

దుప్పుల్లో పొగడ అనే ఆడదుప్పి అతనికి ప్రాణస్నేహితురాలు. పొగడ పిల్లగా ఉన్నప్పటినుంచీ జోగులు దానికోసం మద్దిచెట్టులోకి కొమ్మలు చాచిన పక్క తునికిచెట్టు నుంచి మంచి మంచి పళ్ళు కోసి కింద పడేసేవాడు. పొగడ అవి తింటూ కబుర్లు చెప్పేది. దానికిప్పుడు ముగ్గురు పిల్లలు. అయినా ఆ కబుర్లు ఆగలేదు.

ఆ ఏడు ఎండాకాలంలో జోగులు ఒకరోజు తునికి పండనుకుని చేయి చాచాడు. చేతికి ఎండుటాకు వచ్చింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. అంతా పొగమంచు పట్టినట్టుంది, ఎండాకాలంలో పొగమంచు ఎక్కడిది? కళ్ళకు పొర కమ్మిందని అతనికి అప్పుడే అర్థమైంది. అర్థం కానట్టు ఇంకో పండుకోసం చేయి చాచాడు.

నిజానికి జోగులు చాలా అలిసిపోయాడు. నడుం పీకేది, మెడ పట్టేసేది. దిగి నీడలో కాస్త ఒళ్ళు వాల్చాలని రోజూ అనిపించేది. ఎర్రక్క అనే నడివయసు కొండముచ్చు అంతకుముందే ఒకసారి అడిగింది కూడా.

"బాబాయ్, పొద్దస్తమానం నువ్వొక్కడివే ఎందుకు? పూటకొకరం కూర్చుందాం" అంది.

"ఈ కొమ్మ పిల్లలాట కాదమ్మా" అని జోగులు దాన్ని నలుగురిలో కసిరాడు. ఎర్రక్క మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

ఇప్పుడు దాన్ని పిలిచి నాకు కనబడటం లేదని ఎలా చెప్తాడు? దుప్పులన్నీ అతన్ని అడవికే కన్ను అనేవి. కన్ను పోయాక ఇక తనెవరు? ఒక మూల కూర్చుని గోక్కునే ముసలి కొండముచ్చు, అంతే. అందుకని ఎవరికీ చెప్పలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాడు. అలా చాలా రేపులు గడిచాయి.

ఒక రోజు దుప్పులు అప్పుడే మూతులు నీళ్ళల్లో పెట్టాయి. అవతలి గట్టున ఏదో నల్లగా కదిలింది. జోగులు అదిరిపడి కేక వేశాడు. దుప్పులన్నీ దాహంతోనే పారిపోయాయి. ఆ కదిలింది మబ్బు నీడ. సాయంత్రం అవి తిరిగొచ్చి అడిగితే, చిరుత వచ్చి వెళ్ళిపోయిందని జోగులు అబద్ధం చెప్పాడు. అందరూ అతనికి దండాలు పెట్టారు. పొగడ మాత్రం అవతలి గట్టంతా వాసన చూసి వచ్చింది. ఏమీ అనలేదు.

మర్నాడు జోగులు ఏ నీడ కదిలినా నోరు మెదపకూడదని పళ్ళు బిగించి కూర్చున్నాడు. ఇంతలో కింద పొగడ నేలను తన్నింది. ఒకసారి కాదు, రెండుసార్లు, గట్టిగా. జోగులుకు ఏమీ కనబడకపోయినా కేక వేశాడు. ఆ రోజు నిజంగానే పొదలో చిరుత ఉంది. మంద మొత్తం బతికింది. దుప్పులన్నీ చెట్టు కిందికొచ్చి జోగులును తెగ పొగిడాయి. అతను తల ఊపుతూ అన్నీ విన్నాడు. ఎండలో కూర్చున్నదానికంటే ఆ పొగడ్తలు వినడానికే అతనికి ఎక్కువ అలసట వచ్చింది. ఇది నాది కాదు, పొగడది అని చెప్పాల్సిన మాట నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది.

మూడో రోజు గాలి తిరిగింది. పొగడ ముక్కుకు పొదల వాసన అందలేదు. జోగులు పైనుంచి చూస్తుంటే గట్టు పక్కన ఎండుగడ్డి పసుపుపచ్చగా ఉంది. ఆ పసుపు కొంచెం ముందుకు జరిగినట్టు అనిపించింది. కేక వేయాలా? మొన్నటిలా ఉత్తదే అయితే? మళ్ళీ అందరినీ దాహంతో తరిమేస్తే, మళ్ళీ అబద్ధం ఆడాల్సి వస్తే? జోగులు ఆగాడు. కింద నేల మీద కాలి చప్పుడు వినబడుతుందేమోనని చెవులు రిక్కించాడు. వినబడలేదు. ఎండుగడ్డి ఎగిరి దూకింది.

చిరుత పంజా పొగడ వెనక కాలి మీద పడింది. బురదలో చిరుత జారబట్టి పొగడ విడిపించుకుంది. లేకపోతే ఈ కథ ఇక్కడే అయిపోయేది. అది కుంటుతూ ముళ్ళపొదల్లో దూరి ప్రాణం దక్కించుకుంది. చిరుత కాసేపు అక్కడక్కడే తిరిగి విసుగొచ్చి వెళ్ళిపోయింది.

మందలో పెద్దదైన కొమ్ముల దుప్పి చెట్టు కిందికొచ్చి, ఎండ కళ్ళల్లో పడిందా జోగులూ అని అడిగింది. దాని గొంతులో కోపం లేదు, జాలి ఉంది. చూశారా, తప్పించుకునే దారి వాళ్ళే చూపించారు. జోగులు అవునని తల ఊపాడు. ఊపిన మరుక్షణమే తన మీద తనకే రోత పుట్టింది.

అతను చెట్టు దిగాడు. పట్టపగలు అతను దిగడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. తడుముకుంటూ ముళ్ళపొద దగ్గరికి వెళ్ళాడు. పొగడ గాయం నాక్కుంటోంది.

"పొగడా, నాకు కళ్ళు కనబడటం లేదే. చాలా రోజులైంది" అన్నాడు.

పొగడ నాకడం ఆపి, "తెలుసన్నా" అంది.

జోగులు ముళ్ళపొద పక్కనే కూర్చున్నాడు. ఎప్పటినుంచి తెలుసని అడిగాడు. మబ్బు నీడకు కేక వేసిన రోజునుంచీ తెలుసని, గట్టు మీద చిరుత వాసన లేకపోవడంతోనే అనుమానం వచ్చిందని పొగడ చెప్పింది. మర్నాడు నేలను అంత గట్టిగా తన్నింది కూడా అతనికి వినబడాలనేనట.

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు జోగులు.

"నువ్వు బాధపడతావని నేను చెప్పలేదు. మాట పోతుందని నువ్వు చెప్పలేదు. ఇద్దరం కలిసి నా కాలు పోగొట్టాం" అంది పొగడ.

జోగులు ఏడ్చాడు. కళ్ళు కనబడకపోయినా ఏడుపు మాత్రం బాగానే వస్తుంది. పొగడ అతన్ని ఊరుకోబెట్టలేదు. దానికి కాలు నొప్పిగా ఉంది, ఓపిక లేదు, కోపం కూడా ఉంది. కానీ లేచి వెళ్ళిపోలేదు.

మర్నాడు ఉదయం నీళ్ళకు ముందే జోగులు అందరినీ మడుగు దగ్గరికి పిలిచాడు. మబ్బు నీడ సంగతి చెప్పాడు. రెండో రోజు మందను కాపాడింది పొగడ అని చెప్పాడు. మూడో రోజు కళ్ళల్లో పడింది ఎండ కాదని, తన కళ్ళకు పొర కమ్మిందని చెప్పాడు. దుప్పులు గుసగుసలాడుకున్నాయి. ఒకటి రెండు కోపంగా నేలను తన్నాయి. జోగులు ఆ చప్పుడు తలవంచుకుని విన్నాడు. తర్వాత ఎర్రక్క వైపు తిరిగాడు. అది ఎర్రక్కేనో కాదో సరిగ్గా తెలియలేదు గానీ తిరిగాడు.

"ఆ రోజు నిన్ను ఊరికే కసిరానమ్మా. నువ్వు ఎక్కు. పొద్దంతా మాత్రం ఒక్కదానివే కూర్చోకు, నాలా అయిపోతావు" అన్నాడు.

ఎర్రక్క దెప్పలేదు. చిటారు కొమ్మ ఎక్కి కూర్చుంది. మధ్యాహ్నం ఇంకొకరు ఎక్కారు. కొన్నాళ్ళు దుప్పులు జోగులును పలకరించలేదు. అడవికే కన్ను అని మళ్ళీ ఎవరూ అనలేదు. అతనికి అది గుచ్చుకునేది. అయినా కోరి తెచ్చుకున్నదే కాబట్టి ఓర్చుకున్నాడు.

పొగడ కాలు పూర్తిగా బాగుపడలేదు. మందతో దూరం పోలేక అది మద్దిచెట్టు నీడలోనే ఎక్కువగా పడుకునేది. జోగులు చేతికందే కింది కొమ్మ మీదికి మారాడు. ఏది పండో ఏది ఆకో పొగడ చెప్పేది. "అది కాదన్నా, ఎడమ పక్కది" అనేది. అతను కోసి కింద వేసేవాడు. గాలి తిరిగితే ముందు పొగడకే తెలిసేది. పైన ఎర్రక్క కదిలితే ముందు జోగులుకే వినబడేది.

ఒక మధ్యాహ్నం పొగడ ఏదో కబురు చెప్తూ తలెత్తి చూస్తే జోగులు కొమ్మకు జారగిలబడి గుర్రుపెడుతున్నాడు. పగటి పూట అతను నిద్రపోవడం అడవిలో ఎవరూ ఎరగరు. పొగడ కబురు ఆపేసి, అతను లేచేదాకా ఈగలను కూడా చెవులతో చప్పుడు కాకుండా తోలుకుంది.

నీతి: నావల్ల కావడం లేదని చెప్పలేకపోవడం మనకే కాదు, మనల్ని నమ్ముకున్నవాళ్ళకీ గాయమే. తెలిసీ అడగకుండా ఊరుకున్న స్నేహితుడికి కూడా అందులో భాగం ఉంటుంది.