మీసం మొదట్లో కన్ను

అడిగిన ప్రశ్నకు అప్పటికప్పుడు సమాధానం చెప్పడం అవ్వారి నృసింహశాస్త్రిగారికి అలవాటు లేదు. ప్రశ్న విని, కళ్లద్దాలు తీసి, ఉత్తరీయం చెంగుతో తుడిచి, అడిగినవారికి ఏదో ఒక చిన్న పని పురమాయించేవారు. ఆ పని ముగిసేసరికి ప్రశ్న పెట్టినచోట ఉండేది కాదు. నూజివీడు దగ్గర మామిడితోటను ఆనుకుని ఉన్న ఆయన ఇంటి వసారాలో తర్కశాస్త్రం చదువుకున్నవారందరికీ ఇది అనుభవమే. తొలకరి పడిన మర్నాడు సువర్చలకూ అదే జరిగింది.

ఆమె అడిగింది చిన్న మాట. "గురువుగారూ, నేను తార్కికురాలినేనా?"

అడగడానికి కారణం ఉంది. బెజవాడలో జరగబోయే శాస్త్రసభలో వాదానికి ఒక విద్యార్థిని పంపమని నిర్వాహకులు ముందురోజు ఫోన్ చేశారు. పైచదువులో ఉన్నది ఇద్దరే: కాలేజీ ఉద్యోగం మానుకుని వచ్చి ఏళ్ల తరబడి చదువుతున్న సువర్చల, ఆమెకంటె చిన్నవాడైన ఫణిశర్మ. ఫోన్ సంగతి వినగానే ఫణిశర్మ కొత్తగా పెంచుతున్న మీసాన్ని వేలితో సర్దుకుని, "అక్కా, తర్కం మీసాలున్న శాస్త్రం. నువ్వొచ్చి ముందువరసలో కూర్చో. నేను ఓడిపోయేలా ఉంటే కాస్త దగ్గు" అన్నాడు. అందులో విషం లేదు. "గురువుగారికే మీసాలు లేవు కదరా" అని ఆమె కూడా చురక అంటించింది. కాని నవ్వు పోయాక మాట మిగిలింది. ఆ సభలో ఇంతవరకూ ఏ స్త్రీ వాదానికి కూర్చోలేదు. ఇన్నేళ్లూ తాను చదివింది శాస్త్రమా, శాస్త్రం పక్కన కూర్చుని చేసిన కాలక్షేపమా? కాలక్షేపమేనని గురువుగారు అంటే పుస్తకాలు సర్దుకుని ఇంటికి వెళ్లిపోవాలని ఆమె నిశ్చయించుకుంది.

శాస్త్రిగారు అద్దాలు తుడుస్తుండగానే ఫణిశర్మ తోటలోంచి వచ్చాడు. అతని గుప్పిట్లోంచి నూనె ఎరగని మడతబందులాగా కిర్రు కిర్రుమని చప్పుడు వస్తోంది. గుప్పిలి విప్పి బల్లమీద వదిలాడు. బొటనవేలంత పురుగు. బూడిదరంగు ఒళ్లు, గట్టి డొప్పరెక్కలు, మెడమీద రెండు ఎర్రని మచ్చలు, మెడకు అటూ ఇటూ చెరొక ముల్లు. భుజాలమీద మిరియపు పలుకులు అద్దినట్టు నల్లని గరుకు. అన్నింటినీ మించి, నడుము దాటి వెనక్కి వంగి ఒంటికంటె దూరం సాగిన రెండు మీసాలు.

"మామిడి మాను తొలిచే పురుగు," అన్నారు శాస్త్రిగారు ముచ్చటగా. "దీనికి లక్షణం చెప్పండి చూద్దాం."

లక్షణమంటే తార్కికులకు ఆటా, పరీక్షా కూడాను. ఒక వస్తువును గుర్తుపట్టడానికి చెప్పే గుర్తు ఆ జాతి మొత్తానికీ అమరాలి. పరాయి జాతికి అమరకూడదు. కొమ్ములున్నది ఆవు అంటే గేదె కూడా ఆవైపోతుంది, అది అతివ్యాప్తి. తెల్లగా ఉన్నది ఆవు అంటే ఎర్రావు ఆవు కాకుండా పోతుంది, అది అవ్యాప్తి.

"ఒంటికంటె పొడుగైన మీసాలు గలది," అన్నాడు ఫణిశర్మ, తన మీసం సవరించుకుంటూ.

"అయితే మా వంటింట్లో బొద్దింక కూడా ఇదేనా?" అంది సువర్చల.

ఫణిశర్మ చెయ్యి మీసం దగ్గరే ఆగింది. "సరే, డొప్పరెక్కలుండి, ఒంటికంటె పొడుగైన మీసాలు గలది. బొద్దింకకు డొప్ప ఏదీ?"

శాస్త్రిగారు తల ఊపి, "అమ్మాయ్, తోటలోకి వెళ్లి ఇలాంటిదే ఇంకొకటి పట్టుకురా," అన్నారు. తన ప్రశ్నకు దక్కిన పని ఇదే కాబోలని ఆమె చీర చెంగు దోపుకుని వెళ్లింది.

తడిసిన చెట్ల కింద చాలాసేపే తిరిగింది. ఒక ముసలి మామిడి మొదట్లో మరొక పురుగు బెరడును కొరికి గాటు పెడుతూ కనిపించింది. పట్టుకోబోతే వేలిని కరుచుకున్నంత పని చేసి కిర్రుమంది. అదే బూడిదరంగు, అవే ఎర్రమచ్చలు, అవే ముళ్లు. మీసాలు మాత్రం ఒంటి చివరకు కూడా సరిగ్గా అందలేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే ఆమెకు కారణం తెలియకుండా సంతోషం కలిగింది.

"ఇది వేరే జాతి," అన్నాడు ఫణిశర్మ ఒక్క చూపు చూసి. "మీసాలేవీ?"

"మచ్చలవే, ముళ్లవే, అరుపూ అదే. మీసమొక్కటే పొట్టి. అంతమాత్రాన జాతి మారుతుందా?"

"మారుతుంది. లక్షణం అమరలేదుగా."

ఆమె తాను తెచ్చినదాన్ని బల్లమీద మొదటిదాని దగ్గర వదిలింది. పొడుగుమీసాలది ఒక్క క్షణం ఆగి, మీసాలు ముందుకు చాచి, రెండోదాని వీపును మెల్లగా తడిమి, ఇక ఆలస్యం చేయకుండా దానివైపు పరుగు తీసింది. శాస్త్రిగారి పొట్ట నవ్వుతో కదిలింది. "ఫణీ, జాతి వేరని నువ్వంటున్నావు. పెళ్లికొడుకు ఒప్పుకోవడం లేదు."

"అవ్యాప్తి," అంది సువర్చల నవ్వు ఆపుకుంటూ. "నీ లక్షణం జాతిలో సగాన్ని వదిలేసిందిరా. గుడ్లు పెట్టే సగాన్ని."

"మరి నువ్వు చెప్పు," అన్నాడు ఫణిశర్మ.

గురువుగారి భూతద్దం తీసుకుని ఆమె ఆ రెండింటి ముఖాలమీదా వంగింది. వసారాలో చూరు నీళ్ల చప్పుడు తప్ప మరేమీ లేదు. ఆ కాసేపూ ఆమెకు సభ గుర్తులేదు, తన ప్రశ్న గుర్తులేదు. మీసం కంటికి ఎదురుగానో పక్కగానో మొలవలేదు. కన్నే నెలవంకలా వంగి మీసం మొదలును చుట్టుకుని ఉంది. పొడుగుదానికీ అంతే, పొట్టిదానికీ అంతే.

"డొప్పరెక్కలుండి, మీసం మొదలును కన్ను చుట్టుకుని ఉన్నది," అంది ఆమె నెమ్మదిగా.

ఫణిశర్మ భూతద్దం లాక్కుని చూశాడు. మళ్లీ చూశాడు. దోషం పట్టాలని తనకు తెలిసిన పురుగులన్నింటినీ పేరుపేరునా ఎదురు తెచ్చాడు. ఆమె ఒక్కొక్కదానినీ తోసిపుచ్చింది. చివరకు అతడు భూతద్దం కింద పెట్టి, "అక్కా, సభలో నేనే దగ్గుతాను, నువ్వు కూర్చో," అన్నాడు. ఓడినవాడి ముఖంలో అంత వెలుగు ఆమె ఎప్పుడూ చూడలేదు.

"వెతికితే దీనికీ ఎక్కడో దోషం దొరుకుతుంది," అన్నారు శాస్త్రిగారు. "ఇవాళ్టికి నిలిచింది. ఫణీ, ఈ దంపతులను కాలవగట్టున మేడిచెట్టు మీద వదిలిరా. తోటవాళ్ల కంట పడితే బతకనివ్వరు."

అప్పుడు సువర్చలకు తన ప్రశ్న గుర్తొచ్చింది. "గురువుగారూ, నేను అడిగింది..." అంటుండగా ఫోన్ మోగింది. శాస్త్రిగారికి చెవి కాస్త మందం. అవతలి మాట అందరికీ వినిపించేలా పెట్టుకుంటారు. సభ నిర్వాహకుడే. ఎవరిని పంపుతున్నారని అడిగాడు.

"సువర్చలను."

అవతలి గొంతు తగ్గింది. "అమ్మాయా అండీ? కాదనడం కాదు గాని... అలవాటు లేదు. పెద్దపెద్ద వాళ్లొస్తారు. అంతటి సభలో..."

శాస్త్రిగారు అద్దాలు తీసి ఉత్తరీయంతో తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"మీసం పొడుగు కొలవకండి, నాయనా. అది మొలిచే చోట కన్నుందో లేదో చూసుకోండి."