కూర్మారావుకి పడిన ఒక్క గింజ

రేగులకుంట ఎందుకు ఎండిపోయిందని అడిగితే, ఆ అడవిలో అందరూ నక్క పేరో పందికొక్కు పేరో చెబుతారు. పుల్లన్న ఒక్కడే తల పక్కకి తిప్పుకుంటాడు. పుల్లన్న గోధుమరంగు ముసలి ఎద్దు. పన్నెండేళ్లు ఒక రైతు దగ్గర నాగలి లాగి, ఇక చాలు పొమ్మంటే కొండ కిందికి వచ్చి స్థిరపడ్డాడు. నిదానస్తుడనీ, తొందరపడి మాట జారడనీ మంచిపేరు. ఆ పేరు ఎంత తేలిగ్గా పోగొట్టుకున్నాడో ఇప్పుడు చెప్పుకుందాం.

రేగులకుంటకి మూడువైపులా కొండ, నాలుగోవైపు మట్టిగట్టు. వానలకి నిండితే ఎండాకాలం చివరిదాకా అరవై పైచిలుకు గొంతులు తడుపుతుంది. గట్టు కనిపెట్టుకోవడానికి, నీళ్లకి వంతులు పెట్టడానికి, ఏటా వానలు తగ్గుముఖం పట్టాక ఒక కుంట పెద్దని ఎన్నుకుంటారు.

ఆ ఎన్నికకి ఒక పద్ధతి ఉంది. పొద్దున అందరూ కూడి, పోటీకి నిలబడ్డవాళ్ల మాటలు వింటారు. మధ్యాహ్నం నీడకి చేరి నెమరేస్తారు. అక్కడివాళ్లలో ఎక్కువమంది ఎద్దులు, గేదెలు, మేకలు, గొర్రెలు. ముందు గబగబా మింగేసి, తర్వాత తీరిగ్గా పైకి తెచ్చుకుని నమిలే జాతి. గడ్డి సంగతెలాగో మాట సంగతీ అంతే, నమిలితే గాని అందులో ముల్లు ఉందో లేదో తెలియదు. పొద్దు వాలాక పుల్లన్న రంకె వేస్తాడు. అప్పుడు ఒక్కొక్కరే ఈతపొద చాటుకి వెళ్లి, పోటీదారుకొకటి చొప్పున తవ్విన గుంటల్లో ఒకదాంట్లో రేగుగింజ వేసి వస్తారు. ఎవరు ఎందులో వేశారో ఎవరికీ తెలియదు. రంకె వేసే గౌరవం తొమ్మిదేళ్లుగా పుల్లన్నదే.

ఆ ఏడు మాత్రం గట్టు గురించి అడిగే దిక్కులేదు. అడవి అడవంతా కనుమ గొడవలో మునిగింది. కొండ అవతలి జంతువులు ఇవతలికి వచ్చే కనుమదారిని మూసెయ్యాలా, తెరిచి ఉంచాలా? ఎక్కడ నలుగురు కలిసినా ఇదే. మూతవాళ్లు ఒక రేవులో తాగితే తెరుపువాళ్లు ఇంకో రేవులో తాగేవారు.

పుల్లన్న మూత. పోయిన వేసవిలో అవతలి దుప్పుల మంద వచ్చి, ఆయన మేసే పచ్చికని మూడు రోజుల్లో నున్నగా గీకేసింది. ఆ ఆకలి ఆయన మరిచిపోలేదు. మేక సన్నమ్మ తెరుపు. ఆమె చెల్లెలు అవతలి మందలో ఉంది, దారి మూస్తే ఇక చూపులే ఉండవు. ఇద్దరి బాధా నిజమే. ఏడేళ్లుగా ఇద్దరూ ఒకే మద్దిచెట్టు కింద పక్కపక్కన పడుకుని నెమరేసేవారు. ఒకరి ఒంటిమీద వాలిన ఈగని ఇంకొకరు తోలేంత చనువు.

"మీ చెల్లి సూపుల కోసం మా డొక్కలు ఎండాలేటి?" అన్నాడు పుల్లన్న ఒకరోజు.

"మీ పచ్చిక కోసం అది దాహంతో సావాలా అన్నా?"

"నీకంత ఇదిగా ఉంటే నువ్వూ అవతలికే పో."

సన్నమ్మ లేచి, దూరంగా ఉన్న తుమ్మచెట్టు కిందికి వెళ్లి పడుకుంది. తుమ్మచెట్టుకి నీడ ఎంతుంటుంది? పుల్లన్న చూశాడు. రమ్మని పిలవలేదు.

ఎన్నికకి రెండు రోజుల ముందు ఇంకొకటి జరిగింది. పుల్లన్న గట్టు మీద నడుస్తుంటే వెనక కాలు మోకాలిదాకా దిగబడింది. బయటికి లాగి చూస్తే లోపల ఖాళీ. గట్టులో ఎవరో బొరియ తవ్వి, దాన్ని పొడుగ్గా లోపలికి తీసుకుపోయారు. నీళ్లలో తేలుతూ ఇది చూసినవాడు ఒక్కడే, ముసలి తాబేలు కూర్మారావు.

ఎన్నికనాడు పొద్దున్నే కుంట ఒడ్డున అందరూ కూడారు. ముందుగా నక్క సింహాచలం లేచాడు. పేరులో తప్ప ఆయనలో సింహం ఎక్కడా లేదు.

"మావలూ, అత్తలూ, ఒకటే మాట. నన్ను గెలిపిస్తే కనుమ మూత. మన గడ్డి మనకి, మన నీళ్లు మనకి. కాదన్నోడు అవతలోడి సుట్టం."

తెరుపువాళ్ల తరపున పందికొక్కు గుంపస్వామి లేచాడు. "నన్ను గెలిపిస్తే కనుమ తెరుపు. దాహంతో వచ్చినోడిని ఎల్లగొట్టినోడికి గుండె నేదు. కాదన్నోడు నక్క మనిషి."

ఇరువైపులా కేకలు. ఆ గోలలోనే కూర్మారావు మెడ బయటికి చాపాడు.

"కనుమ సంగతి పెద్దడవిలో సింహం తేల్చాల. కుంట పెద్ద మూసేదీ నేదు, తెరిసేదీ నేదు. మన సేతిలో ఉన్నది గట్టు. గట్టులో బొరియలున్నాయి. నన్ను ఎన్నుకుంటే వాటిని పూడిపిస్తాను."

నక్క, పందికొక్కు ఒకేసారి లేచారు. విడ్డూరం ఏమిటంటే ఆ రోజు వాళ్లిద్దరి నోటా ఒకే మాట వచ్చింది అప్పుడే.

"అసలు నువ్వు మూతా, తెరుపా? అది సెప్పు ముందు."

"నేను గట్టు అంటన్నాను."

"సూసినారా? దాటేస్తన్నాడు," అన్నాడు సింహాచలం.

"లోపాయికారీగా అటు కలిసిపోనాడు," అన్నాడు గుంపస్వామి.

కూర్మారావు నెమ్మదిగా పుల్లన్న వైపు తిరిగాడు. "పుల్లన్నా, మొన్న నీ కాలు గట్టులో దిగబడింది గదా. నా మాట నమ్మకపోతే పోనీ. నీ మాట నమ్ముతారు. నలుగురికీ సెప్పు."

అరవై జతల కళ్లు పుల్లన్న మీద పడ్డాయి. సన్నమ్మ కూడా చూస్తోంది. ఔనని అంటే మూతవాళ్లలో పదిమంది తాబేలు వైపు వెళ్తారు, పందికొక్కు గెలుస్తాడు, కనుమ తెరుచుకుంటుంది. పుల్లన్న బుర్రలో తిరిగింది ఇదొక్కటే. మోకాలి మీద గీరుకున్న పుండు ఇంకా మానలేదు. ఆ కాలిని రెండో కాలి వెనక్కి పెట్టుకుని అన్నాడు:

"అదేటి పెద్ద ఇసయం కాదులే. వానకి మట్టి నానింది, అంతే."

కూర్మారావు ఆయన్ని కొంచెంసేపు చూసి, మెడ లోపలికి తీసుకున్నాడు.

అప్పుడు సింహాచలం వచ్చి పుల్లన్న చెవి దగ్గర గుసగుసలాడాడు. "మావా, ఇంక మధ్యాన్నం దాకా ఎందుకు? తేలిపోయిన ఇసయానికి నెమరేటి? ఇప్పుడే రంకెయ్యి. ఇంటికెళ్లి తీరిగ్గా పడుకుందాం."

"పద్ధతి కాదు అల్లుడూ."

"పద్ధతి నడిపేవోడివి నువ్వే గదా. నీ మాటకి ఎదురేటి? అటు సూడు, పందికొక్కు మనోళ్లని ఒక్కొక్కరినీ లాగేస్తన్నాడు."

నిజంగానే గుంపస్వామి గొర్రెల మధ్య తిరుగుతున్నాడు. పుల్లన్నకి కంగారు పుట్టింది. ఎండ ఇంకా కొండ దిగి గట్టుదాకా కూడా రాలేదు. ఆయన మెడ ఎత్తి రంకె వేశాడు. ఎవరూ ఎందుకని అడగలేదు. పుల్లన్న రంకె వేశాడంటే వేళ అయిందనే వాళ్ల లెక్క. గుంపస్వామి కూడా అడ్డు చెప్పలేదు. కడుపునిండా కోపం మింగి ఉన్నవాళ్లు అలాగే వెళ్లి గింజలు వేసి వచ్చారు.

నక్కకి ముప్ఫై ఒకటి. పందికొక్కుకి ఇరవై ఎనిమిది. తాబేలుకి ఒకటి.

మూతవాళ్లు గంతులేశారు. పుల్లన్న కూడా రెండు అడుగులు వేశాడు. మధ్యాహ్నం మద్దిచెట్టు కింద పడుకుని, అలవాటు ప్రకారం నెమరు మొదలుపెట్టాడు. గడ్డితోపాటు పొద్దుటి మాటలూ పైకి వచ్చాయి. కనుమ మూస్తానన్న నక్క, దేంతో మూస్తాడు? ఏ అధికారంతో మూస్తాడు? బొరియలు పూడుస్తానంటే వాళ్లిద్దరూ ఒకేసారి ఎందుకు లేచారు? మోకాలు సలుపుతోంది. నమిలేకొద్దీ ఆయనకి నోరు చేదెక్కింది. లేచి వెళ్లి అందరితో చెబుదామా అనుకున్నాడు. చెబితే, పొద్దున అబద్ధమాడానని కూడా చెప్పాలి. ఆయన లేవలేదు.

పదిహేను రోజులకి వాయుగుండం పట్టింది. మూడు రోజులు ఏకధాటిగా వాన. నాలుగోరోజు పొద్దున గట్టు సరిగ్గా పుల్లన్న కాలు దిగబడిన చోటే కుంగి, చూస్తుండగానే కొట్టుకుపోయింది. నీళ్లన్నీ వానలకే పారే గెడ్డవాగులోకి పోతుంటే, విరిగిన గట్టులోంచి తడిసి ముద్దయిన సింహాచలం బయటికి ఉరికాడు. ఆయన వెనకే, అదే కన్నంలోంచి, గుంపస్వామి. పందికొక్కులని పట్టి తినే నక్క, నక్క నీడ చూస్తే పారిపోయే పందికొక్కు, ఇద్దరూ ఒకే ఇంట్లో ఒక గోడకి అటూ ఇటూ కాపురం. కూర్మారావు గెలిస్తే పూడిపోయేవి వాళ్ల కొంపలే. ఇద్దరూ ఎవరివైపూ చూడకుండా చెరో దిక్కుకి పరుగెత్తారు, మళ్లీ కనబడలేదు. ఇంకో కుంట గట్టు చూసుకున్నారని తర్వాత తెలిసింది.

సంక్రాంతి రాకుండానే కుంట అడుగు తేలింది. నీళ్ల కోసం రెండు కొండలు దాటి ఏటికి పోవాలి. ముసలి గొర్రెలు మూడు దారిలోనే పడిపోయాయి. కనుమ ఎప్పటిలాగే ఉంది, ఎవరూ మూయలేదు, ఎవరూ తెరవలేదు. దాని గురించి మాట్లాడే ఓపిక కూడా ఎవరికీ లేదు.

ఇప్పుడు అందరి నోటా ఇంకో మాట. "తాబేలుకి పడిన ఆ ఒక్క గింజ నాదే." ముందు ఒక గేదె అంది. తర్వాత ఒక పొట్టేలు. తర్వాత పందులు రెండు. గుంట పొద చాటున ఉంది కాబట్టి అబద్ధమని రుజువు చేసేవాడు లేడు. మొదట్లో నవ్వొచ్చిన పుల్లన్నకి క్రమంగా ఆశ పుట్టింది. తను చెబితే అందరూ నమ్ముతారు. నిదానస్తుడు, పెద్దవాడు, వేసి ఉంటాడు అనుకుంటారు. ఏటికి నడిచే దారిలో గొర్రెల మొహాలు చూడలేక తల వంచుకోవడం తప్పుతుంది. కూర్మారావుతో ఒక్కసారి అనేస్తే చాలు.

ఒక పొద్దున ఆయన కుంట నడుమకి దిగాడు. అక్కడ చిన్న బురదమడుగులో కూర్మారావు సగం పూడుకుని ఉన్నాడు. పక్కనే సన్నమ్మ. డొక్కలు లోపలికి పోయి గుర్తుపట్టలేనట్టుంది.

"ఆ ఒక్కటీ నాదే తాతా," అంటోంది సన్నమ్మ. "నీ మాట నేను ముందే నమ్మినాను."

కూర్మారావు తలూపాడు. సన్నమ్మ తలెత్తి పుల్లన్నని చూసింది. ఆ కళ్లు వెంటనే నేలమీదికి దిగిపోయాయి. ఎన్నికనాడు పందికొక్కు కోసం గొంతు చించుకుని అరిచింది ఎవరో ఇద్దరికీ తెలుసు. పుల్లన్నకి ఆమె మీద కోపం రాలేదు. తను అనబోయే మాటే ఆమె నోట విన్నాడు, అంతే. చెవులు వేడెక్కాయి.

"నువ్వేటి సెప్పడానికి వచ్చినావు పుల్లన్నా?" అన్నాడు కూర్మారావు. "నువ్వు కూడా అదేనా?"

"కాదు," అన్నాడు పుల్లన్న. "నేను నక్కకి ఏసినాను. కాలు దిగబడిందని తెలిసీ, మట్టి నానిందని నలుగురిలో అబద్ధమాడినాను. నెమరు వేళ కాకుండా రంకేసిందీ నేనే. సన్నమ్మని ఎల్లిపొమ్మన్నదీ నేనే."

తర్వాత సన్నమ్మ, బురదని చూస్తూ, "నేను పందికొక్కుకి ఏసినాను తాతా," అంది.

కూర్మారావు మెడ బయటికి చాపి ఇద్దరినీ చూశాడు.

"నాకు తెలుసు. ఇప్పటికి పదకొండుమంది వచ్చి ఆ గింజ మాదే అన్నారు. అందరికీ తలూపినాను. కాదని ఎలా సెప్పగలను?" అన్నాడు. "పోటీలో నిలబడినోడు గింజ ఎయ్యకూడదు. అది మన పద్ధతి. ఒక్కటి కూడా పడకపోతే సిగ్గని, ఆ గింజ నేనే ఏసుకున్నాను."

నీతి: కొండ మీది గొడవకి ఓటేసే ముందు కాళ్ల కింది గట్టు ఒకసారి చూసుకోవాలి.