రాజుగారి నోటిపూత

మా రాజుగారి భోజనాన్ని ముందుగా రుచి చూసేది నేనే. అందులో విషముంటే ముందు నేను పోవాలి. నాలాంటి తిండిపోతుకి ఇంతకన్నా మంచి చావు దొరకదని మా ఆవిడ సంబరపడేది.

ఒకసారి రాజుగారికి నోరంతా పూసింది. అయినా కారం మానరు. మానమన్నవాడి నాలుక కోయిస్తానన్నారు. దాంతో వైద్యుడు నోరు మూసుకున్నాడు. తిన్నప్పుడల్లా మంటెత్తి, ఎదురుపడ్డవాడికల్లా కొరడా దెబ్బలు వేయించేవారు.

నేను వీరుణ్ణి కాను. మీద బల్లి పడితే మా ఆవిడ వెనకాల దాక్కుంటాను. అందుకే, "అమ్మో, నాకూ నోరు పూసింది!" అని మూలిగి, కారం కూరలన్నీ తిప్పి పంపేశాను. నేను మింగనిది రాజుగారికి వడ్డించకూడదని కోట ఆచారం. ఇక మిగిలింది పెరుగన్నం, వెన్న. తిట్టుకుంటూనే తిన్నారు. మెల్లగా పుండ్లు మానాయి.

అప్పుడొచ్చింది అనుమానం. "ఏదిరా, నోరు తెరువు!"

తెరిచాను. ఒక్క పుండూ లేదు.

"నీ పూత ఏదిరా?"

"పూత తమ నోట్లోనే ఉండేది ప్రభూ. మంట మా వీపుల మీద ఉండేది."

రాజుగారు పగలబడి నవ్వారు. నవ్వినా నోరు నొప్పి పుట్టలేదు. ఆ సంతోషంలో నాకు విందు చేయించి, దగ్గరుండి తినిపించారు. అన్నీ కారం కూరలే.

మర్నాడు నాకు నిజంగానే నోరు పూసింది.